కుర్చీలో కాపలా సంచి

పరాయి దేశంలో ఉండటానికిచ్చిన పర్మిట్ పిన్ని పొడిగించుకోవడానికి ఆ రోజే ఆఖరు. ఆఫీసులో మూడు గంటలు కూర్చుని నడుం పడిపోయింది. బస్సు సీట్లో రుమాలు వేసినట్టు కుర్చీలో కాగితాల సంచి పెట్టి, అక్క కూతురితో మంచినీళ్లకు వెళ్లింది. తిరిగొచ్చేసరికి సంచి లేదు.

“దిక్కులేని సంచి అనుకుని గార్డు తీశాడట పిన్నీ,” అంది అమ్మాయి, అడిగొచ్చి.

“కాపలా పెడితే దిక్కులేనిదంటాడా!”

గార్డు గుర్తింపు కార్డు అడిగాడు. అదీ సంచిలోనే ఉంది.

“తెరిచి చూడమను. నా మొహమే ఉంటుంది.”

గార్డు ఫోటోనీ పిన్నినీ మార్చి మార్చి చూశాడు.

“ఫోటోలో ఆవిడ కోపంగా ఉందంటున్నాడు.”

“ఇప్పుడు నేను నవ్వుతున్నానా?”

అమ్మాయి ఆ మాట అతని భాషలో చెప్పగానే గార్డు పకపకా నవ్వి సంచి ఇచ్చేశాడు. అప్పుడే పిన్ని నంబరు పిలిచారు. ఆవిడ సంచి చంకన పెట్టుకుని పరుగెత్తింది.