డీఈ సార్ ఇంట్లో ముక్కిన వాసన

ముప్పై ఒక్క ఏళ్లు కాలువలకు గండి పడకుండా చూసిన మనిషి ప్రేమ్‌సాగర్‌రావు. నీటిపారుదల శాఖలో డీఈగా రిటైరై నాలుగేళ్లు దాటినా, కరీంనగర్ మంకమ్మతోటలో ఆయన ఇంటిని ఇప్పటికీ డీఈ సార్ ఇల్లనే అంటారు. ఆ ఇంటి నక్షా ఆయనే గీసుకున్నాడు, పక్కన నిలబడి ఆయనే కట్టించుకున్నాడు. పైన తనూ, భార్య నిర్మలాదేవీ ఉంటారు. కింది వాటాలో మమతారాణి అనే నర్సు, ఆమె తల్లి గంగుబాయి, నాలుగేళ్ల కూతురు రుచిత అద్దెకుంటారు. మమతారాణి భర్త భానుప్రసాద్‌కు నస్పూర్‌లో గని ఉద్యోగం. సెలవు దొరికిన ఆదివారం వచ్చి పోతుంటాడు.

వాసన మొదట పట్టింది నిర్మలాదేవి. దీపావళి అయిన వారానికి, పెళ్లికి పోదామని బీరువా తెరిచి పట్టుచీర తీసింది. ముక్కు దగ్గర పెట్టుకొని చూసి, మళ్లీ మడిచి లోపల పెట్టేసింది.

"తడిసిన గోనెసంచి లెక్క వాసనొస్తుంది" అంది.

"వానకాలం కదా. గాలిల తేమ ఉంటది" అన్నాడాయన పేపరులోంచి తలెత్తకుండా.

"వాన పడక ఇరవై దినాలైంది."

ఆ జవాబు ఆయనకు రుచించలేదు. కానీ ఆ మధ్యాహ్నం తన సఫారీ సూటుకూ అదే వాసన పట్టిందని తేలేసరికి విషయం దర్యాప్తు దాకా పోయింది. పాత డైరీ ఒకటి తీసి, 'పరిశీలన–1' అని రాసి కింద గీత కొట్టాడు. ఎలుక చచ్చి ఉంటుందని నిర్ధారించి, బీరువా తనొక్కడే జరిపాడు. ఎలుక దొరకలేదు. నడుము పట్టేసి రెండు రోజులు మంచం దిగలేదు.

పరిశీలన–2 నాటికి బీరువా నిండా నాఫ్తలీన్ గోళీలు పోశాడు. అంతకుముందు ఒక వాసన ఉండేది, ఇప్పుడు రెండయ్యాయి. పరిశీలన–3లో నేరం చింతపండు జాడీ మీదికి పోయింది. దాన్నీ, రెండు బియ్యం సంచుల్నీ డాబా మీదికి ఎక్కించాడు. బియ్యానికి చీమలు పట్టాయి, వాసన మాత్రం గదిలోనే ఉంది. నిర్మలాదేవి ఆ బియ్యం చాటలో పోసి చెరుగుతూ మూడు రోజులు మొగుడితో మాట్లాడలేదు.

ఇంట్లో అనుమానించడానికి ఇంకేమీ మిగలక, ఆయన చూపు కిందికి పోయింది. గంగుబాయిది ఆదిలాబాద్ వైపు. అప్పుడప్పుడు ఎండుచేపల కూర వండుతుంది.

"ఎండుచాపల వాసన నాకు తెల్వదా? ఇది అది కాదు" అంది నిర్మలాదేవి.

"నీకు తెల్వదు. వాసన మెట్ల మీదికెల్లి పైకొచ్చేటప్పటికి మారుతది" అన్నాడాయన. అలా మారుతుందని ఏ పుస్తకంలోనూ లేదు. ఆ క్షణంలో పుట్టిన శాస్త్రం అది. తర్వాత ఎన్నోసార్లు తలుచుకొని సిగ్గుపడ్డాడు కానీ, ఆ రోజు మాత్రం చాలా ఠీవిగా మెట్లు దిగాడు.

గంగుబాయి ముందుగదిలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"గంగుబాయీ, ఒక మాట అడుగుత, ఏమనుకోకు. మీ ఇంట్ల వాసనొచ్చే సామానేమన్న పెట్టిండ్రా?"

ఆమె చేతులు దులుపుకొని లేచింది.

"లోపలికి రాండ్రి సార్. చూపెడ్త."

వెనక గదిలో మంచం గోడకు దూరంగా, గది నడుమకు జరిపి ఉంది. గోడకు ఒక పాత దుప్పటి వేలాడుతోంది. గంగుబాయి దుప్పటి పక్కకు లాగింది. పైనుంచి నడుము ఎత్తు దాకా గోడంతా నల్లటి బూజు. సున్నం పొక్కులు లేచి, వేలు పెడితే రాలిపోయేలా ఉంది. పైన బీరువాలో ఉన్నది ఈ వాసనలో పావు వంతు కూడా కాదు.

"ఎన్ని దినాలైంది?" అన్నాడాయన.

"రాఖీ పున్నం కాడికెల్లి."

"మూడు నెలలా? మరి నాకెందుకు చెప్పలే?"

"మా మమత చెప్పింది గద సార్. వినాయక చవితి ముంగట మీ తానికొచ్చి చెప్పింది. మీరు గంటసేపు ఏందో చెప్పిండ్రట, దానికి సమఝ్ కాలే. కిటికీలు తెరిచి పెట్టుమన్నరని వచ్చి చెప్పింది. తెరిచే పెట్టినం."

ప్రేమ్‌సాగర్‌రావుకు అంతా గుర్తొచ్చింది. డ్యూటీ నుంచి అలసిపోయి వచ్చిన ఆ అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టి, కవరు వెనక బొమ్మ గీసి, నేలలోని తేమ గోడలోకి ఎట్లా ఎగబాకుతుందో వివరించాడు. ఆమె తలూపింది. ఎంత తొందరగా అర్థం చేసుకుందని మురిసిపోయాడు కూడా. తేమ కిందినుంచి పైకి పాకితే, బూజు పైనుంచి కిందికెందుకు దిగుతుందో చూడాలంటే పధ్నాలుగు మెట్లు దిగాలి. ఆ పని మాత్రం చేయలేదు.

పక్కగదిలో రుచిత దగ్గింది. చిన్న దగ్గే, కానీ ఆగకుండా వచ్చింది.

"పిల్లకు దగ్గు ఎప్పటికెల్లి?"

"గోడ ఖరాబైనప్పటికెల్లే. దవాఖానల మందు రాసిండ్రు. తగ్గుతది, మళ్ల ఒస్తది. అందుకే అవుతల గదిల పండవెడ్తున్నం."

"ఇంకోసారి చెప్పకపోతిరి?"

గంగుబాయి దుప్పటి సర్దుతూ, "మళ్ల మళ్ల చెప్తె ఇల్లు ఖాళీ చెయ్యుమంటరేమోనని దానికి భయం సార్. దవాఖాన ఈడికి దగ్గర. పిల్లను ఇడిసిపెట్టి దూరం పోలేదు" అంది. తర్వాత, "ఒక మాట సార్. ఇదివరకు పొద్దుగాల ఒక్కసారే మోటరు ఏస్తుంటిరి. ఇప్పుడు పొద్దుమూకంగ గూడ ఏస్తుండ్రు. ఇంట్ల మనుషులైతె పెరగలే. నీళ్లు ఏడికి పోతున్నయి?" అని అడిగింది.

కాలువ మొదట్లో ఎంత వదిలారు, చివరికెంత చేరింది, నడుమ నీళ్లు ఎటు పోయాయి? ముప్పై ఒక్క ఏళ్లు ఆయన తన కింది ఏఈలు ఎంతమందికి చెమటలు పట్టించాడో ఈ ప్రశ్నతో. తన సొంత ట్యాంకు రోజుకు రెండుసార్లు నింపుతూ, ఆ ప్రశ్న తనను తాను ఒక్కసారీ అడుక్కోలేదు.

ఆ మధ్యాహ్నమే డాబా ఎక్కి, ట్యాంకులో కట్టె ముంచి, తడి ఎంతదాకా ఉందో గీత పెట్టాడు. పైనా కిందా ఎవరూ రెండు గంటలు కొళాయి తిప్పవద్దన్నాడు. రెండు గంటల తర్వాత నీళ్లు నాలుగు వేళ్లు దిగాయి.

మర్నాడు ప్లంబర్ హనుమండ్లు వచ్చాడు. వచ్చీ రాగానే బీరువా వెనక, బాత్‌రూంను ఆనుకున్న గోడకు అరచెయ్యి ఆనించి, "ఈడ సల్లగుంది సార్" అన్నాడు.

"ఆ గోడల పైపే లేదు" అని ప్రేమ్‌సాగర్‌రావు నక్షా తెచ్చి మంచం మీద పరిచాడు. పైపులన్నీ నీలిరంగు గీతలతో, కొలతలతో సహా ఉన్నాయి. నక్షా చూపిన చోట బాత్‌రూంలో ఒక టైలు పగలగొట్టారు. ఎండుగా ఉంది. ఇంకోచోట పగలగొట్టారు. అక్కడ అసలు పైపే లేదు.

"గీ నక్ష ఎవలు గీసిండ్రు సార్?" అన్నాడు హనుమండ్లు.

"నేనే."

హనుమండ్లు మర్యాదస్తుడు. ఉలి చేత్తో పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

అప్పటిదాకా గుమ్మంలో ఊరికే నిలబడిన నిర్మలాదేవి నోరు తెరిచింది. "వాష్‌బేసిన్ మొదలు అటుదిక్కు పెట్టిండ్రు. గడ్డం గీసుకునేటప్పుడు వెలుగు చాల్తలేదని, పైపు ఏసినంక ఇటుదిక్కు ఈ గోడకు మార్పించిండ్రు. మేస్త్రి వద్దంటే గూడ ఇన్లే. యాదికి లేదా?"

యాదికి వచ్చింది. మేస్త్రితో తను చేసిన వాదన కూడా అక్షరం పొల్లుపోకుండా యాదికి వచ్చింది. నక్షాలో మార్చడమే మరిచిపోయాడు.

హనుమండ్లు మొదట చెయ్యి ఆనించిన చోటే తవ్వాడు. గట్టిగా పది దెబ్బలు పడకముందే తడి సిమెంటు ముద్దలుగా ఊడింది. లోపల పైపు వంపు దగ్గర సన్నటి పగులు. అందులోంచి దారమంత ధార గోడలోకి కారి, స్లాబు పక్కనుంచి కిందింటికి దిగుతోంది. వంపు ముక్క కొత్తది వేయడానికి గంట పట్టింది. నక్షా ప్రకారం పెట్టిన రెండు బొక్కలు పూడ్చడానికి పూట పట్టింది.

సాయంత్రం మమతారాణి డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆయన గేటు దగ్గరే పచార్లు చేశాడు. సర్వీసులో ఎందరిచేతనో సంజాయిషీలు రాయించుకున్నాడు గానీ, తను ఇచ్చుకోవడం అలవాటు లేదు. ఆమె గేటు తీయగానే ఎదురుపోయాడు.

"మమతా, నువ్వు చెప్పిన్నాడే నేను దిగి చూడవలసి ఉండె. తప్పు నాది" అన్నాడు.

"ఫరవా లేదు సార్" అంది ఆమె కంగారుగా.

"ఫరవా ఎట్ల లేదు?" లోపల్నుంచి గంగుబాయి వచ్చింది. "పిల్ల మూడు నెలలు దగ్గింది."

మమతారాణి తల్లిని చెయ్యి పట్టి ఆపబోయింది.

"ఉండనియ్యి. ఆమె అన్నది నిజమే" అన్నాడాయన. ఆ మాట ఎవరో ఒకరు తన ముఖం మీద అనడం ఎందుకో కాస్త తేలికగా అనిపించింది.

గోడ ఆరేదాకా ముగ్గురూ పైవాటా ముందుగదిలో ఉండాలని నిర్మలాదేవి పట్టుపట్టింది. రుచిత పైకి వచ్చిన రెండో వారానికి దగ్గు తగ్గుముఖం పట్టింది. కింద బూజు సున్నమంతా గీకించారు. ప్రేమ్‌సాగర్‌రావు రోజూ పోయి గోడ తట్టి వచ్చేవాడు. పదో రోజున గోడ ఆరిపోయిందని, రంగులు వేయించవచ్చని ప్రకటించాడు. గంగుబాయి కిందికి పోయి, గోడకు చెంప ఆనించి చూసి, "ఇంకా ఎండలే సార్" అంది. ఆయన వాదించలేదు. ఇరవై మూడో రోజున ఆమె సరేనంది. అప్పుడే రంగు వేయించారు.

ఆ ఆదివారం భానుప్రసాద్ నస్పూర్ నుంచి వచ్చాడు. ఆరిన గోడనూ, కొత్త రంగునూ చూసి, "అసలు ఏమైంది సార్?" అని అడిగాడు.

స్లాబు, వంపు, నీటి ఒత్తిడి, అన్నీ ప్రేమ్‌సాగర్‌రావు నాలుక చివరిదాకా వచ్చాయి.

"పైపు పగిలింది. నేను చూడలే" అన్నాడు.

"జర ఆ కొస పట్టుండ్రి సార్" అంది మంచాన్ని మళ్లీ గోడవైపు జరపబోతున్న గంగుబాయి. ఆయన వంగి పట్టుకున్నాడు.