పాతికేళ్ల సాక్ష్యం

పెళ్లై పాతికేళ్లవుతోంది, ఇంటి ముందర కృతజ్ఞత కూడిక పెట్టుకుందామని కూతురు సువార్త అన్నప్పుడు నెహెమ్యా "ఎంతమంది?" అని అడిగాడు. ఎంత ఖర్చు అని అడగలేదు. ఆ తేడా భార్యా కూతురూ గమనించలేదు. అతనికి మాత్రం తెలిసింది.

వాళ్ల ఊరు డోన్‌కు నాలుగు మైళ్లు. నెహెమ్యా అక్కడి నాపరాళ్ల ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ మీద పనిచేస్తాడు. ఖర్చు ఆరు వేలు దాటకూడదని ముగ్గురూ అనుకున్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక ప్రార్థన, సాక్ష్యాలు, భోజనం. సువార్త నోటు పుస్తకం తీసి పట్టీ రాయడం మొదలుపెట్టింది.

"చర్చి వాళ్లు నూటిరవై మంది."

"నలభై చాలు."

"షామియానా?"

"వేపచెట్టు కింద నీడ లేదా?"

"మైకు?"

"మైకు అసలు వద్దు."

"మైకు లేకుంటే సాక్ష్యం వెనకోళ్లకు ఎట్ల వినపడుతుంది నాయనా?"

వినపడకూడదనే, అని నోటి దాకా వచ్చి ఆగింది. భార్య జీవిత చేటలో కందిపప్పు చెరుగుతూ నవ్వింది. "మీ నాయన పిసినిగొట్టు అయినాడు సువార్తా. ఇంకో గంట కూచుంటే పిలుపుల్లో నన్ను కూడా కొట్టేస్తాడు."

వాళ్ల సంఘంలో పెళ్లిరోజు కూడిక అంటే భార్యాభర్తలిద్దరూ లేచి, తమ కాపురంలో దేవుడు చేసిన మేలును ఒకరి తర్వాత ఒకరు చెప్పాలి. జీవిత ఏం చెబుతుందో ఊరందరికీ తెలుసు. ఏటా జనవరి ఒకటిన చర్చిలో ఆమె చెప్పేది అదే. ఎనభై ఎనిమిదిలో తన భర్తను ఒక కాంట్రాక్టరు కాలువ పనికని హోస్పేట వైపు తీసుకుపోయాడు. నాలుగు నెలలు గదిలో పెట్టి పని చేయించుకున్నాడు. దేవుడు ఆ చెర విడిపించి ఇంటికి తెచ్చాడు. మొదటి ఏడాది గది ఒక్కటే ఉండేది. తర్వాత దానికి తాళం పడింది. ఆ పైన ఒక కుక్క వచ్చింది. ఏడాదికేడాది ఆ కుక్క పెద్దదైంది. చివర్లో అందరితోపాటు నెహెమ్యా కూడా తల వంచుకొని ఆమెన్ అనేవాడు. జనం దాన్ని వినయం అనుకున్నారు.

కాంట్రాక్టరు లేడు. ఆ రోజు నెహెమ్యా లాంతరు గాజు కొనడానికి డోన్‌కు పోయాడు. స్టేషన్లో గుంతకల్లు వైపు పోయే రైలు ఆగి ఉంది. ఎక్కాడు. ఇంట్లో గొడవ లేదు, మనసులో వేరే ఆడమనిషి లేదు. ఎందుకు ఎక్కాడని తనను తాను ఎన్నోసార్లు అడిగాడు. రైలు ఆగి ఉంది, అంతకు మించిన జవాబు ఎప్పుడూ దొరకలేదు. హోస్పేట బస్టాండు హోటల్లో నీళ్లు మోశాడు. నాలుగు నెలలకు తిరిగొచ్చేటప్పుడు ఏం చెప్పాలో కూడా ఆలోచించుకోలేదు. ఊరి మొదట్లో లారీ డ్రైవర్ మారెన్న ఎదురై, "ఏమప్పా, కాంట్రాక్టరు వదిలిపెట్టినాడా?" అన్నాడు. ఎవరో పుట్టించిన మాట అనుకొని నెహెమ్యా తల ఊపాడు.

పద్దెనిమిదేళ్లుగా అతన్ని నలిపింది ఆ పోవడం కాదు, ఆ తల ఊపడం. తను ఊపిన తల మీద నమ్మకం పెట్టి ఆమె దేవుడికి స్తోత్రం చెప్పుకుంటోంది. ఏడాదికొకసారి, చర్చి గోడల మధ్య, ఎలాగో ఓర్చుకున్నాడు. ఇప్పుడు తమ పెళ్లిరోజున, ఆమె చెప్పి కూర్చున్నాక, తను లేచి నిలబడాలి. ఆ అబద్ధం పక్కన ఏ మాట పెట్టగలడు? అందుకే మనుషులను కొట్టేశాడు, షామియానాను కొట్టేశాడు, మైకును కొట్టేశాడు.

సువార్త ఊరుకోకపోవడంతో షామియానా మాట్లాడడానికి డోన్‌కు పోక తప్పలేదు. అది ఆషాఢమాసం. హిందువుల ముహూర్తాలు లేక అద్దె సామాను దుకాణంలో కుర్చీలు అటక దాకా పేర్చి ఉన్నాయి. చేతిలో పెద్దగా డబ్బులేని క్రైస్తవ కుటుంబాలు పెళ్లిళ్లు ఈ నెలలోనే పెట్టుకునేవి, సగం అద్దెకే అన్నీ వస్తాయని. నెహెమ్యా పెళ్లీ అలా జరిగిందే.

"షామియానా, నూరు కుర్చీలు సగం రేటుకు తీస్కో," అన్నాడు దుకాణదారు దేవేంద్రప్ప. "మైకు ఊరికే ఇస్తా."

"మైకు వద్దప్పా."

"దుడ్లు అడగలేదు గదా!"

"అయినా వద్దు."

"ఇరవై ఏండ్ల నుంచి ఈడ కూచోనుండా. ఊరికే ఇస్తే మైకు వద్దన్నోణ్ణి నిన్నే సూస్తాండా. కరుస్తాదా ఏమి అది?" అంటూ దేవేంద్రప్ప తనే దాన్ని ఆటోలో పెట్టాడు.

దారి పొడవునా లౌడుస్పీకరు నెహెమ్యా మోకాళ్ల మధ్య కూర్చుంది. ఇల్లు చేరేసరికి జీవిత ఒక్కతే వసారాలో బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అతను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"సాక్ష్యంలో కాంట్రాక్టరు సంగతి చెప్పొద్దు."

"ఎందుకు?"

"కాంట్రాక్టరు లేడు."

ఆమె ఇంకో రాయి ఏరి పారేసింది. "తెలుసు."

నెహెమ్యా నిలబడే ఉన్నాడు.

"నువ్వు పోయిన రెండో నెల్లో మారెన్న బండలు ఏసుకోని హోస్పేటకు పోయినాడు. హోటల్లో నువ్వు బిందె మోస్తాంటే సూసినాడంట. పిలవబోయి, సిగ్గుపడతావని పిలవలేదంట."

"మరి కాంట్రాక్టరు?"

"వాణ్ణి నేనే పుట్టిస్తి. నువ్వు వస్తావనుకుంటి. వచ్చినోడు ఊరి ముందర ఏం చెప్పుకోని నిలబడతాడు? అందుకే ముందే ఒకణ్ణి తయారుచేసి పెడితి. మారెన్నకు కూడా అట్లే చెప్పమంటి."

"రాకపోయింటే?"

"వాడే సంపి కాలువలో పారేసినాడని చెప్పేదాన్ని."

అది పరిహాసమో కాదో ఆమె ముఖంలో తెలియలేదు.

"ఇన్నేండ్లు నాతో అనలేదే?"

"నువ్వు అన్నావా? ప్రతి ఏడూ ఆమెన్ అంటాంటివి. ఎప్పుడు అడ్డమొస్తావో సూద్దామని తాళం ఏస్తి. అయినా ఆమెన్ అంటివి. ఒళ్లు మండి కుక్కను పెడితి." చేట కింద పెట్టి అతని వైపు చూసింది. "ఇంకో రెండేండ్లు ఆగింటే పులిని తెస్తాంటి."

ఫ్యాక్టరీలో సాయంత్రం మిషన్ ఆపాకే దాని రొద ఎంత పెద్దదో తెలుస్తుంది. నెహెమ్యాకు అప్పుడు అలాగే అనిపించింది. గడప మీద కూర్చున్నాడు. కాస్త చిన్నతనంగా కూడా ఉంది. ఎవరికీ తెలియని ఒక చీకటి గది తనకు ఉందనుకున్నాడు. ఆమె అందులోకి వస్తూ పోతూనే ఉందన్నమాట. కానీ ఆ చిన్నతనం కూడా హాయిగానే ఉంది. కాసేపటికి నవ్వొచ్చింది. కుక్క ఏ రంగుదని అడిగాడు. నల్లదని ఆమె చెప్పింది.

ఆ సాయంత్రం నెహెమ్యా సువార్త నోటు పుస్తకం తీసుకొని కొట్టేసిన పేర్లన్నీ తనే మళ్లీ రాశాడు. ఆరు వేలలో సరిపెట్టడానికి కేకు, మిఠాయి తీసేశారు. మాంసం సగానికి తగ్గించి పప్పు ఎక్కువ చేశారు. గంగాళాలు చర్చిలోవే వాడుకుందామన్నారు. "నిన్న నలభై మందికే ఏడిస్తివే నాయనా!" అంది సువార్త. అతను ఫ్యాక్టరీ వాళ్ల పేర్లు కూడా చేర్చాడు.

ఆదివారం షామియానా నిండింది. పాస్టరు గారు ప్రార్థన చేసి జీవితను పిలిచారు. ఆమె మైకు పట్టుకుంది. "నా భర్త పోయినాడు. వచ్చినాడు. దేవునికి స్తోత్రం." అని కూర్చుంది.

జనం ఇంకా చెబుతుందని చూశారు. ముందు వరసలోంచి ముసలి విశ్వాసమ్మ అరిచింది. "కుక్క సంగతి మర్సిపోయినావే!"

నెహెమ్యా లేచాడు. "కుక్క లేదు పెద్దమ్మా. తాళం లేదు. నన్ను ఎవురూ పట్టుకోలేదు. నేనే రైలెక్కి పోయినా. నేనే దిగి వచ్చినా."

ఆరేళ్ల కిందట ఆ ఊరికి వచ్చిన పాస్టరు గారికి ఆమెన్ అనాలో వద్దో తెలియలేదు.

"ఎందుకు పోయినావురా?" అంది విశ్వాసమ్మ.

"తెలీదు పెద్దమ్మా."

"మా ఆయన కూడా ఒకసారి బళ్లారికి పోయినాడు. వానికీ తెలీదు," అంది ముసలామె. వెనక ఎవరో నవ్వారు. పాస్టరు గారు గట్టిగా ఆమెన్ అని, భోజనానికి ప్రార్థన మొదలుపెట్టారు.

మొదటి పంక్తిలోనే నెహెమ్యాను కూర్చోబెట్టారు. రెండు ముద్దలు తిని తలెత్తాడు.

"జీవితా, కూరలో ఉప్పు తక్కువైంది."

హోస్పేట నుంచి వచ్చాక ఆ ఇంటి తిండికి అతను వంక పెట్టడం అదే మొదటిసారి. వడ్డిస్తున్న జీవిత ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకొని అతన్ని పైకీ కిందికీ చూసింది.

"అబ్బో, నోరు లేస్తాంది నీకు," అని ఉప్పు తేవడానికి లోపలికి పోయింది.