మిగిలిన వంద

చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఇంకా నడుస్తూండగానే భర్త మాట వచ్చి పడింది. "ఇంటి మీద ప్రేమ ఉంటే నేను చెప్పక్కర్లేదు, నువ్వే మానేస్తావు." అత్తగారి మోకాలికి ఆపరేషనై పది రోజులు. ఇన్నాళ్ళూ పొద్దున పూటలు ఆమే సెలవు పెట్టి చూసుకుంది. ఆవిడని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఎవరన్న చర్చ ఆ ఇంట్లో జరగనేలేదు. రాజీనామా కాగితం అతనే తన గుండ్రటి అక్షరాలతో రాసి, ఎగిరిపోకుండా ఆమె టిఫిన్ డబ్బా కింద పెట్టాడు. "గింజలు కోసే ఉద్యోగమేగా, ఆ కోసేదేదో ఇంట్లో కూరగాయలు కోసుకో," అని నవ్వాడు కూడా. సంతకం ఒక్కటే ఆమెది. సాయంత్రానికి కావాలట.

ఆమె కాగితాన్ని మడిచి సంచిలో వేసుకుని, చొక్కా అతని చేతికిచ్చింది.

గింజలు కోసే ఉద్యోగమే, కాదనడానికి లేదు. చెట్ల విత్తనాల్లో ప్రాణం ఉందో లేదో తేల్చే ప్రయోగశాల అది. గింజని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున్నే బ్లేడుతో నిలువునా కోసి, రంగులేని మందునీళ్ళలో వేసి, వెచ్చటి చీకటి పెట్టెలో ఉంచాలి. మర్నాటికి ప్రాణమున్న చోటల్లా ఎర్రబడుతుంది. లేనిచోట తెల్లగా పాలిపోయి ఉంటుంది. అంతా ఎర్రబడి, వేరు వచ్చే కొన ఒక్కటి తెల్లగా మిగిలినా ఆ గింజ పనికిరాదు. ఆ తేడా పట్టడం ఆ గదిలో ఆమె ఒక్కదానికే బాగా తెలుసు. రిపోర్టు కింద సంతకం మాత్రం ఆఫీసరుది.

ఇప్పుడు బల్ల మీదున్న గుడ్డసంచి, ఏడేళ్ళకోసారి కాసే కొండచెట్టుది. మొత్తం ఐదు వందల గింజలు వచ్చాయి. మొదటి వంద తడి ఇసుకలో వేస్తే నెలైనా ఒక్కటీ మొలవలేదు. "చచ్చాయి, పారెయ్యండి," అని ఆఫీసరు ట్రే ఖాళీ చేయించాడు. ఆమె బతిమాలి ఇంకో వంద కోసి చూసింది. ఎనభై నాలుగు ఎర్రబడ్డాయి. చావలేదు, నిద్రపోతున్నాయంతే. ఆఫీసరు కళ్ళజోడు సర్దుకుని, "మీరు రంగు కొంచెం ధారాళంగా చూస్తారమ్మా, మళ్ళీ చెయ్యండి," అన్నాడు. మళ్ళీ వంద. ఎనభై రెండు. "పైవాళ్ళు అడిగితే మాట పడేది నేను," అన్నాడు. ఇంకో వంద. ఎనభై ఐదు.

"ఇంకొక్కసారి చూసేద్దాం," అన్నాడు ఈవేళ.

"ఉన్నవే వంద, సార్."

"అదే ఆఖరు. అనుమానం మిగలకూడదు కదా."

ఆమె గిన్నె కడిగి నీళ్ళు పోసింది. గుమ్మం దగ్గర బెంచీ మీద నర్సరీ నడిపే ఆవిడ కూర్చునుంది. ఈ గింజల కోసం రావడం ఇది మూడోసారి.

"బతికున్నాయా అక్కా?"

"ఉన్నాయి."

"పోయినసారీ ఇదే చెప్పారు. బతికున్నాయని చూపించడానికి అన్నిటినీ కోసిపారేస్తే, నేను కుండీల్లో ఏం పెట్టుకోను, మీ రిపోర్టా?"

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. కోసిన గింజ ఎంత ఎర్రగా పండినా ఇక మొలవదు. ఈ సంగతి ఆమె కొత్తవాళ్ళకి మొదటిరోజే చెప్తుంది, చెప్పి మరిచిపోతుంది. పెళ్ళైన కొత్తలో, "చదువు ముఖ్యమా, నేను ముఖ్యమా?" అని భర్త అడిగినప్పుడు పైచదువుకి వచ్చిన సీటు వదిలేసింది. అతను ముఖ్యమని తేలిపోయిందనుకుంది. ఏం తేలింది? పాప పుట్టాక, ఆఫీసు వాళ్ళు పైఊళ్ళో శిక్షణకి పిలిస్తే, "నిజంగా తల్లి మనసే ఉంటే ఆరు నెలలు వదిలి పోతావా?" అన్నారు అత్తగారు. ఆ శిక్షణకి వెళ్ళినవాళ్ళు ఇవాళ ఆఫీసర్లు. పాటలు పాడుకోవడం ఎప్పుడు మానేసిందో, ఎవరి కోసమో గుర్తు కూడా లేదు. ప్రతిసారీ ప్రేమ ఉందని తేలింది, ప్రతిసారీ మళ్ళీ అడిగారు. ఆమెకి ఒళ్ళు మండింది. వాళ్ళ మీద కాదు, అడగగానే బ్లేడు తీసుకున్న తన చేతి మీద.

గిన్నెలో నీళ్ళు పారబోసింది. మూడుసార్ల అంకెలూ రిపోర్టులో రాసి, ఆఫీసరుకి వదిలే జాగాలో తన సంతకం పెట్టింది. గుడ్డసంచి మూతి బిగించి నర్సరీ ఆవిడ ఒళ్ళో పెట్టి, "పై తోలు కాస్త గీరి నాటండి. తొందరపడకండి, లేస్తాయి," అంది.

ఆఫీసరు పరుగున వచ్చాడు. "ఎవర్నడిగి ఇచ్చారు?"

"మూడుసార్లు తేలింది సార్. కింద సంతకం నాది. మాట పడాల్సొస్తే నేనే పడతాను."

అతను రిపోర్టు అందుకుని సంతకం చూసి, గేటు వైపు తిరిగాడు. నర్సరీ ఆవిడ అప్పటికే గేటు దాటేసింది.

సాయంత్రం ఇంటికి రాగానే అత్తగారికి మందులిచ్చి, మోకాలి కింద దిండు సర్ది వచ్చింది. భర్త చెయ్యి చాచాడు. ఆమె కాగితం ఇచ్చింది. సంతకం చోటు ఖాళీగా ఉంది.

"ఈ పదిరోజులూ నేను సెలవు పెట్టుకున్నాను, పొద్దున పూటలు," అంది. "వచ్చే పదిరోజులు మీరు పెట్టండి. ఆ తర్వాత మనిషిని పెట్టుకుందాం."

అతను కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "అంటే, ఇంటి మీద ప్రేమ లేదన్నమాట."

"ఉందండీ," అంది ఆమె. "చూపించడానికి మాత్రం ఇక దేన్నీ కొయ్యను."