కుట్టు లోపలి గుడ్డ

నేను టేపు మెడలో వేసుకుని మిషను ముందు కూర్చున్నప్పుడల్లా మా ఆయన అడిగే ప్రశ్న ఒకటుంది. "నీ నడుముకి ఆ టేపు చాలుతుందా?" అడిగి తనే నవ్వుతాడు. పక్కగదిలోంచి అత్తగారూ నవ్వుతుంది. నేనూ నవ్వేదాన్ని, మూతి ముడుచుకుంటే రోషమెక్కువంటారని. ఈసారి మాత్రం నవ్వు రాలేదు. "మన అమ్మాయి డిగ్రీ పట్టా తీసుకునే రోజు ఫొటోలో కాస్త వెనక నిలబడు. ముందుంటే మేమెవరమూ కనపడం," అన్నాడు.

మా వీధిలో సగంమంది ఆడవాళ్ళ జాకెట్లు నేనే కుడతాను. పక్క కుట్టు లోపల రెండు వేళ్ల వెడల్పు గుడ్డ వదులుతాను. ఒళ్ళు చేస్తే ఆ కుట్టు విప్పుకుంటే సరి, పాత జాకెట్టే పడుతుంది. అందరికీ వదిలాను గానీ నాకు మాత్రం ఉంచుకోలేదు.

గర్భసంచి తీయించుకున్నాక ఒళ్ళు చేయడం మొదలైంది. "దొంగతిండి తింటోంది," అంది అత్తగారు. అందరూ తిన్నాక గిన్నెల్లో మిగిలింది తినేదాన్ని, నాకు దొంగతిండేమిటి? పైకి అనలేదు. అన్నం సగానికి తగ్గించాను, రాత్రిపూట మానేశాను. అయినా జాకెట్లు బిగుతే. ఒకరోజు ఉక్రోషం ఆపుకోలేక నా జాకెట్లన్నీ ముందేసుకుని లోపలి గుడ్డంతా కోసి పారేశాను. వదులు చేసుకునే దారి లేకపోతే ఒళ్ళే దారికొస్తుందనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని! అమ్మ చివరిసారి కొనిచ్చిన గుడ్డతో కుట్టుకున్న నీలం జాకెట్టు కూడా వాటిలోనే ఉంది.

మొన్న కళ్ళు తిరిగి పడిపోతే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. రక్తపరీక్ష, పాత ఆపరేషన్ కాగితాలు చూసి కొలెస్ట్రాల్ ఎక్కువుందంది.

"నేను నూనె ముట్టుకోనండీ," అన్నాను, దొంగతనం అంటగట్టినట్టు.

"తిండి ఒక్కటే కాదమ్మా. రక్తం కొలెస్ట్రాల్‌ని మోసుకెళ్ళి అండాశయాలకి అందిస్తే, అవి దాంతోనే ఈస్ట్రోజన్ తయారుచేస్తాయి. ఆ ఈస్ట్రోజన్ తగ్గితే కొవ్వు పొట్ట దగ్గర చేరుతుంది, రక్తంలో కొలెస్ట్రాలూ పెరుగుతుంది. మీకు అండాశయాలు కూడా తీసేశారుగా. బాగున్నవాటిని ఎందుకు తీయించుకున్నారు?"

నన్నెవరడిగారు గనక? "ఎలాగూ కోస్తున్నారు, అవి కూడా తీసెయ్యమను. మళ్ళీ ఆస్పత్రి చుట్టూ ఎవరు తిరుగుతారు?" అంది అప్పట్లో అత్తగారు. మా ఆయన సంతకం పెట్టాడు. నేను పక్కనే మంచం మీద పడుకుని, పిల్లకి క్యారేజీ ఎవరు కడతారా అని దిగులు పడుతున్నాను. నా ఒంట్లోంచి ఏం తీస్తున్నారో అడగాలని తోచనే లేదు. ఇన్నేళ్ళూ ఆకలితో పడుకున్న రాత్రులు తలుచుకుంటే ఏడుపొచ్చింది. నా ఒంటి మీద నేనే పగబట్టినట్టు బతికాను.

నీలం జాకెట్టు పక్కలు విప్పి చూస్తే వదులు చేయడానికి పోగంత గుడ్డ కూడా లేదు. అలాంటి నీలం ఎక్కడా దొరకలేదు. ఎర్రగుడ్డ కోసి రెండు పక్కలా అతికాను.

పట్టా రోజున అదే తొడుక్కుని అమ్మాయి పక్కన, ముందు వరసలో నిలబడ్డాను.

మా ఆయన వంగి చెవిలో అన్నాడు. "అతుకు కనపడుతోంది. వెనక్కి రా."

"కనపడనివ్వండి. నేను కోసుకున్న చోట అతుకు వేసుకున్నాను. మీరు కోయించిన చోట ఏ గుడ్డ వెయ్యను?"