కరగని గల్లు

లింబెరిస్ మంచం మీద ప్రాణం పోక కొట్టుకుంటున్నాడని ఊరంతా చెప్పుకుంటోంది. వినడానికి నాకు బాగుంది.

నా భార్య స్తమాతకి కడుపులో పుండు పగిలిన రోజున ఊళ్ళో పడవ ఉన్నది అతనికొక్కడికే. గిథియో ఆసుపత్రికి తీసుకెళ్ళమంటే, సముద్రం బాగోలేదు, రానన్నాడు. అదే మధ్యాహ్నం నూనె పీపాలు ఎక్కించుకుని గిథియో సంతకి పోయాడు. పొద్దు గుంకేలోపు స్తమాత పోయింది. ఆమెని పూడ్చిన చోటే నిలబడి, అందరూ వింటుండగా అతన్ని శపించాను: నిన్ను మట్టి తినకూడదు.

గ్రీసు దక్షిణపు కొసన ఉన్న మా మానీలో, మనిషి పోయిన కొన్నేళ్ళకి సమాధి తవ్వి, ఎముకలు తీసి ద్రాక్షసారాతో కడుగుతాం. శాపం ఉన్నవాడికి ప్రాణం తేలిగ్గా పోదు, పోయాక ఒళ్ళూ కరగదు. నల్లగా ఉబ్బి అలాగే పడి ఉంటుంది. శాపం తీరాలంటే శపించినవాడే వచ్చి, రోగి కళ్ళెదుట నీళ్ళలో ఉప్పు వేసి, ఇది కరిగినట్టు నా మాట కరగాలి అనాలి. ఆ నీళ్ళు రోగి తాగాలి.

అందుకే అతని అక్క పొలీత్సా గిన్నె పట్టుకుని నా గడప తొక్కింది. వెంట బడిపంతులు.

"అన్నా, ఒక్క ఉప్పు గల్లు వేసెయ్యి. చూడలేకపోతున్నాం."

"స్తమాతని నేను చూశాగా. మీరూ చూడండి."

పంతులు గొంతు సవరించుకున్నాడు. "పూర్వం తల్లిని చంపినవాణ్ణి పగదేవతలు తరిమారు. ఏథెన్స్‌లో న్యాయసభ పెట్టి వాణ్ణి విడిచిపెట్టారు, ఆ దేవతలని చల్లబరిచారు. దయగల తల్లులని పేరు పెట్టి, నేల కింద గుడి ఇచ్చారు. పగ పోయి చట్టం వచ్చిందని దానికి అర్థం. ఇప్పటివాళ్ళయితే, ఆ దేవతలు మన మనసులోని నొప్పేనంటున్నారు."

"మా నాయనమ్మా వాళ్ళని ఆ పేరుతోనే పిలిచేది, భయపడి. పేరు మారిస్తే కోరలు ఊడతాయా మాస్టారూ? ఇంతకీ ఆ సభకి చచ్చిన తల్లిని పిలిచారా?"

పొలీత్సా గిన్నె నా ముందుకి చాపింది.

"సరే, పదండి" అన్నాను. పొలీత్సా నా చెయ్యి ముద్దు పెట్టుకుంది. దారిలో శ్మశానం దగ్గర వాళ్ళని ఆగమని, స్తమాత దగ్గరికి వెళ్ళొచ్చాను.

లింబెరిస్ కళ్ళు తెరిచే ఉన్నాయి. పిడికిలి విప్పి గిన్నెలోని నీళ్ళలో తెల్లటి ముక్క వేశాను. పొలీత్సా చెంచాతో కలిపింది. గిన్నె మోగింది. మళ్ళీ కలిపింది. మోగుతూనే ఉంది.

"కరగదేం అన్నా?"

"స్తమాత సమాధి మీద చలువరాయి ముక్క. అది కరిగిన రోజు నా మాటా కరుగుతుంది."

లింబెరిస్ విన్నాడు. వినాలనే అంత దూరం నడిచాను.