స్టూలు మీది మనిషి

"నువ్వు కూర్చో, నేను లైటు చూస్తాను" అన్నాడు భర్త.

ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. ఇస్త్రీ చేస్తున్నది స్టూడియో కోటు. పాస్‌పోర్టు ఫొటోలకు వచ్చే మగాళ్ళందరికీ అదొక్కటే కోటు. సగం ఊరు అందులోనే దొరలై ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకుంది. దాని కాలరుకు పట్టిన చెమట వాసన వదిలించడం, వెనక కట్టే తెల్ల తెర ఉతకడం, అద్దం దగ్గరి దువ్వెన కడగడం, ఫొటోకి ఏడ్చే పిల్లల్ని నవ్వించడం, ఇవన్నీ ఆమె పనులే. కానీ ఎవరైనా "మీరేం చేస్తుంటారమ్మా?" అని అడిగితే భర్త ముందే అందుకుని "ఇంట్లోనే ఉంటుంది" అంటాడు. స్టూడియో ఇంటి ముందుగదిలోనే ఉంది కాబట్టి అది అబద్ధమనడానికీ లేదు.

స్టూలు మీద కూర్చోవడం అసలు పని కిందే జమ కాదు. కస్టమరు కూర్చోకముందే లైట్లు సరిచూసుకోవాలి కదా, దానికొక మొహం కావాలి. పెళ్ళైన కొత్తలో అతను మొదటిసారి పిలిచినప్పుడు తనను చూసుకోవడానికే పిలిచాడనుకుంది. బట్టలు మార్చుకుని, జుట్టు సర్దుకుని మరీ వచ్చింది. అతను టక్కున ఒక ఫొటో తీసి, కెమెరాలో చూసుకుని తల పంకించాడు. "ఎలా ఉన్నాను?" అని అడిగింది. "నిన్నెవరు చూశారు? లైటు బాగుంది" అన్నాడు, ఆ ఫొటో చెరిపేస్తూ. ఆ రోజు హాస్యమనుకుని నవ్వింది. ఏళ్ళ తరబడి విన్నాక హాస్యం కాదని అర్థమైంది కానీ, అప్పటికి నవ్వే కాదు, నొప్పి కూడా పోయింది. రోజూ అట్లకాడ పట్టిన చోట వేలు మొద్దుబారుతుంది చూడండి, అలాగ.

"ఫొటోగ్రాఫరు పెళ్ళానివి, నీకేమమ్మా, ఇంటినిండా నీ ఫొటోలే అయ్యుంటాయి" అంటుంది పక్కింటావిడ. ఇంట్లో ఆమెది పెళ్ళి ఫొటో తప్ప ఇంకొకటి లేదు. అదీ వేరే స్టూడియో వాళ్ళు తీసింది. దీపం కింద చీకటి అని పెద్దలు ఊరికే అన్నారా! అత్తగారైతే నలుగురిలో పొగుడుతుంది కూడా. "మా కోడలు బంగారం. ఎంతసేపు కూర్చోమన్నా రాయిలా కూర్చుంటుంది, మొహంలో ఒక్క గీత కదలదు." ఆ మాటకి ఇదివరకు లేచి లోపలికి వెళ్ళిపోయేది. ఇప్పుడు అదీ లేదు.

ఈమధ్య అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చి స్టూడియోకి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. భర్త తెలివైనవాడు. "ఫోనుతోనే స్టూడియో ఫొటో! నేర్పబడును" అని బోర్డు కట్టాడు. సాయంత్రం క్లాసుకి ఎక్కువగా ఆడవాళ్ళే చేరారు. కేకులు చేసి అమ్మే ఆవిడ, జాకెట్లు కుట్టి అమ్మే ఆవిడ, అలా తమ సరుకు తామే ఫొటో తీసుకోవాలనుకునేవాళ్ళు. ఆమె స్టూలెక్కింది, అతను పాఠం మొదలుపెట్టాడు.

"ముందు లెన్సు తుడవండి, చీర చెంగుతోనైనా సరే. పెద్ద లైటు పక్కనుంచి రావాలి, తలకంటే కాస్త ఎత్తులోంచి. రెండోపక్క ఈ తెల్ల థర్మాకోల్ అట్ట పెడితే నీడ మెత్తబడుతుంది. ఇప్పుడు ఫోన్లో మొహాన్ని వేలితో తాకండి. వెలుగెక్కువైతే వేలు కిందికి జరపండి."

అందరూ ఫోన్లెత్తి ఆమె మొహాన్ని తాకారు. "అబ్బ, ఎంత బాగొచ్చిందో!" అన్నారు. "ముక్కు నీడ చూడు, పెదవి దాకా రాకుండా ఆగింది" అన్నారు. పాఠమంతా ఆమె మొహం మీదే జరిగింది. అది చూడనిది ఆమె ఒక్కతే. ఆమెకు కనిపించినవి ఫోన్ల వీపులు.

మర్నాడు వంటింటి కిటికీ దగ్గర ఒక ఉల్లిపాయ పెట్టింది. రెండోపక్క తెల్ల పళ్ళెం నిలబెట్టింది. తన ఫోను తుడిచి, ఉల్లిపాయని వేలితో తాకి, వెలుగు తగ్గించింది. తీసింది. పొర మీది సన్నటి గీతలన్నీ లేచి నిలబడ్డాయి. ఇన్నేళ్ళలో గంపలకొద్దీ ఉల్లిపాయలు తరిగింది, ఒక్కదాన్నీ చూడలేదు. ఇంకొకటి తీయాలనిపించింది. అలా ఏదైనా కావాలనిపించి ఎంతకాలమైందో ఆమెకు గుర్తు రాలేదు.

"నేనూ క్లాసులో కూర్చుంటానండి" అంది భర్తతో.

"కూర్చుంటూనే ఉన్నావుగా?"

"స్టూలు మీద కాదు, వాళ్ళ పక్కన. నేర్చుకుంటాను."

అతను కోప్పడలేదు, నవ్వాడు. "బాగుంది! నువ్వు నేర్చుకుంటే స్టూలు మీదెవరు కూర్చుంటారే?" లోపల్నుంచి అత్తగారు కూడా నవ్వింది. ఆమె వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు తోముతూ ఆ ప్రశ్ననే అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నిజమే, ఎవరు కూర్చుంటారు?

జవాబుని జాకెట్లావిడ బండి మీద కట్టి తెచ్చింది. బట్టల కొట్లో పెట్టే బొమ్మ. నడుము దాకానే ఉంది కానీ జుట్టుంది, కళ్ళున్నాయి. "జాకెట్లు దీనికి తొడిగి తీయాలక్కా. రోజూ మోయలేను, క్లాసులయ్యేదాకా ఇక్కడే ఉండనివ్వండి" అంది. ఆమె దాన్ని తడిగుడ్డతో తుడిచింది. తుడుస్తూ మొహంలోకి చూసింది. రాయిలా ఉంది. బంగారం.

మర్నాడు మధ్యాహ్నం భోజనం వడ్డిస్తూ భర్తకి చెప్పింది కూడా. "ఇవాళ్టి నుంచి స్టూలు మీద బొమ్మని పెడతానండి. నేను వెనక కూర్చుంటాను." ఫోనులోంచి తలెత్తకుండా "ఊఁ" అన్నాడు. తర్వాత "మంచినీళ్ళు" అన్నాడు. ఇచ్చింది.

సాయంత్రం బొమ్మని స్టూలెక్కించి, తను రోజూ కప్పుకునే శాలువా దానికి కప్పి, వెళ్ళి చివరి బెంచీలో కూర్చుంది. ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది. భర్త ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూనే వచ్చి, గదిలో లైటార్పి, పెద్ద గొడుగు లైటు వెనక్కి వెళ్ళాడు.

"కాస్త ఎడమకి తిరుగు" అన్నాడు. ఒక క్షణం చూసి, "సర్లే, నేనే జరుపుతాను" అని లైటు జరిపాడు. థర్మాకోల్ అట్ట నిలబెట్టాడు. "ఆఁ, అలాగే ఉండు." అప్పుడు క్లాసు వైపు తిరిగి, "చూశారా, ఎంతసేపైనా కదలదు. మోడలంటే మా ఆవిడలా ఉండాలి" అన్నాడు.

పెళ్ళయ్యాక ఆమె గురించి నలుగురిలో అతను చెప్పిన మొదటి మంచిమాట అది. కేకులావిడ నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది.

"సార్," అంది జాకెట్లావిడ నెమ్మదిగా, "అది మా బొమ్మండీ."

అతను దగ్గరికెళ్ళి వంగి చూశాడు. శాలువా పట్టుకు లాగాడు. ఆమెకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఎన్నాళ్ళుగానో తనకు తెలిసిన సంగతే, ఇవాళ అందరికీ తెలిసింది, అంతే. పెద్ద లైటు ఇప్పుడు అతని మొహం మీద పడుతోంది, పక్కనుంచి, కాస్త ఎత్తులోంచి. ముక్కు నీడ పెదవి దాకా రాకుండా ఆగింది. అందరూ తనను చూస్తున్నారని తెలిసిన మొహం ఎలా ఉంటుందో ఆమె చూసింది.

"ఏదీ, ఎక్కడున్నావు?" చీకట్లోకి కళ్ళు చికిలించాడు అతను. "చాల్లే నవ్వులాట, వచ్చి కూర్చో."

ఆమె చెంగుతో లెన్సు తుడిచింది. ఫోనెత్తి, అతని మొహాన్ని వేలితో తాకింది.

"మీరే కూర్చోండి," అంది. "నేను లైటు చూస్తాను."