నాలుగో దెబ్బ

ఆ ఇంట్లో నాలుగు నెలలుగా కుక్కర్ విజిల్ వినిపించలేదు. బొల్లారం పారిశ్రామికవాడను ఆనుకుని ఉన్న కాలనీలో, ఇంటి ఓనరు త్రినాథరావు మేడ కింది వాటాలో, మహిత పప్పును కూడా గిన్నెలోనే ఉడకబెట్టేది. గ్యాస్ ఎక్కువ ఖర్చవుతుందని పక్కింటివాళ్లు హితవు చెబితే నవ్వి ఊరుకునేది. విజిల్ కూత పడితే తన భర్త ప్రవీణ్ మంచం కిందికి దూరతాడని, రెండు చేతులతో తల కప్పుకుని గంటసేపు బయటికి రాడని ఎవరికి చెప్పుకుంటుంది?

నాలుగు నెలల కింద, అతను పనిచేసే మందుల ఫ్యాక్టరీ మూడో బ్లాకులో రసాయనాలు కాచే రియాక్టర్ పేలింది. పవన్ అనే కుర్రాడు, ఒడిశా నుంచి వచ్చిన ఇద్దరు కూలీలు చనిపోయారు. ప్రవీణ్ ఒంటి మీద గీత పడలేదు గానీ ఆ రోజు నుంచి నోట మాట లేదు. గొంతులో ఏ లోపమూ లేదనీ, దెబ్బ మనసుకు తగిలిందనీ ప్రభుత్వాసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. మందులు ఆపొద్దని, మనిషిని ఒంటరిగా వదలొద్దని మరీమరీ చెప్పి పంపింది.

పేలుడైన వారానికి కంపెనీ తరఫున ఒక పెద్దమనిషి ఇంటికొచ్చాడు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. మహితకు ప్యాకింగ్ సెక్షన్‌లో పని ఇప్పిస్తామన్నాడు. జరిగినదాన్ని గురించి బయట ఎవరితోనూ మాట్లాడకపోతే అందరికీ క్షేమమని చెప్పి, ఒక కాగితం మీద ఆమెతో సంతకం పెట్టించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ప్రవీణ్ వైపు చూసి, "ఇలా నిమ్మళంగా ఉండటమే మంచిది" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు గోడవారగా కూర్చున్న ప్రవీణ్ తండ్రి ఎల్లయ్యకు ఒళ్లు జలదరించింది. తన కొడుకు మూగవాడు కావడం ఎవరికో కలిసొచ్చిందని ఆ ముసలాయనకు మొదటిసారి తోచింది.

ఎల్లయ్య పేలుడు కబురు విని హత్నూర మండలంలోని ఒక పల్లె నుంచి వచ్చాడు. కోడలు డ్యూటీకి పోవడం మొదలుపెట్టాక కొడుకును కనిపెట్టుకుని ఇక్కడే ఉండిపోయాడు. డప్పు కొట్టడంలో ఆయనంతటివాడు చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్లలో లేడని ఒకప్పుడు పేరు. ఆ పేరు వెనక ఉన్నది మాత్రం వెట్టి. పన్నెండేళ్ల కింద ఊళ్లో ఒక పెద్దింటి చావుకు, జ్వరంతో పడుకున్న ఎల్లయ్యను లేపుకుపోయారు. కాళ్లకు చెప్పుల్లేకుండా, వానలో, శవం ముందు కాటి దాకా కొట్టించారు. తిరిగొచ్చి వాకిట్లో కూలబడ్డ తండ్రి చేతుల్లోంచి ఇంటర్ చదువుతున్న ప్రవీణ్ డప్పు లాక్కున్నాడు.

"ఇగ నువ్వు ఎవ్వని హుకుం మీద కొట్టొద్దు నాయినా. మనకొద్దు ఈ బతుకు" అన్నాడు.

ఎల్లయ్య ఆ డప్పును గోనెసంచిలో చుట్టి చూరుకు కట్టేశాడు. ఆయనకూ ప్రాణం తేలికైంది. కానీ పెండ్లి దరువు, జాతర దరువు, నాట్ల కాలంలో ఆడవాళ్లు పాడుతుంటే గట్టు మీద నిలబడి వేసిన దరువులు కూడా ఆ సంచిలోకే పోయాయి. చనిపోయిన భార్య నేర్చిన పాటలు ఒకటొకటిగా మరుపున పడ్డాయి. వెట్టి పోయినందుకు సంతోషించిన ఆ ఇల్లు, దానితోపాటు పోయిన మిగతావాటి లెక్క తీయలేదు.

వానలు మొదలయ్యాయి. మబ్బు కమ్మిన రోజున ఫ్యాక్టరీల ఘాటు పైకి పోలేక ఇళ్ల మీదనే కూర్చునేది. కాలువల్లో నురగ తేలేది. తలుపులు మూసినా కుళ్లిన గుడ్ల వాసన గదిలో తిరిగేది. ప్రవీణ్ కిటికీ పక్క మంచం మీద కూర్చుని, పొద్దస్తమానం పట్టె మీద వేళ్లతో కొట్టేవాడు. డాక్టరమ్మ దాన్ని వణుకు అంది. కోడలూ అలాగే అనుకుంది. డప్పు మీదే చేతులు అరగదీసుకున్న ఎల్లయ్య ఒకరోజు కళ్లు మూసుకుని ఆ చప్పుడు విన్నాడు. రెండు దెబ్బలు వెంటవెంటనే, మూడోది బరువుగా, కాస్త ఎడం, ఆపైన తడబడుతూ నాలుగోది. మళ్లీ మొదటినుంచి అదే వరుస. వణికే చెయ్యి లెక్క తప్పుతుంది. ఈ చెయ్యి ఒక్కసారీ తప్పలేదు.

అది దరువని ఎల్లయ్యకు తెలిసిపోయింది. ఏ ఊరి దరువో, దేని దరువో మాత్రం తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే కొడుకును పక్కింటివాళ్లకు అప్పగించి, రెండు ఆటోలు మారి ఊరికి పోయి, చూరుకున్న గోనెసంచి విప్పాడు. డప్పు చర్మం చెమ్మకు మెత్తబడింది గానీ చిరగలేదు. మధ్యాహ్నానికి దాన్ని చంకన పెట్టుకుని మేడ గేటు తీస్తుంటే త్రినాథరావు చూశాడు. ఆయనది కోస్తా జిల్లా. ప్రభుత్వ రంగ కర్మాగారంలో మెషీన్ల మరమ్మతు విభాగంలో ముప్పై రెండేళ్లు చేసి రిటైరయ్యాడు. మెత్తనివాడే.

"ఏమీ అనుకోకండి ఎల్లయ్యగారూ. చావు మేళం ఇంటి ఆవరణలో మోగితే మా ఆవిడ భయపడుతుంది" అన్నాడు.

ఎల్లయ్య ఏమీ అనుకోలేదు. అనుకోకుండా ఉండటం ఆయనకు చిన్ననాటి నుంచి అలవాటైన పని. ప్రహరీ వెనక ఖాళీ ప్లాటులో అట్టపెట్టెలు, ఎండుపుల్లలు పోగేసి మంట వేశాడు. కొడుకును చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి రాయి మీద కూర్చోబెట్టాడు. డప్పును మంట మీద తిప్పుతూ కాచి, వేలితో మీటి చూసి, పొట్టి కర్ర సిర్రను కుడిచేతికి, సన్నపుల్లను ఎడమచేతికి తీసుకున్నాడు. పన్నెండేళ్ల తర్వాత మొదటి దెబ్బ పడింది.

ముందు పెండ్లి దరువు వేశాడు. విజిల్‌కు దాక్కునే ప్రవీణ్ ఈ చప్పుడుకు బెదరలేదు గానీ, చూపు ఎటో ఉంది. వేళ్లు మోకాలి మీద వాటి పని అవి చేసుకుంటున్నాయి. అప్పుడు ఎల్లయ్య తన దరువు ఆపి, కొడుకు వేళ్ల దరువు ఎత్తుకున్నాడు. రెండు వెంటవెంటనే, మూడోది బరువుగా, ఎడం, నాలుగోది.

ప్రవీణ్ వేళ్లు ఆగిపోయాయి. తల ఎత్తి డప్పు వైపు చూశాడు. మొహమంతా చెమట పట్టింది. ఎల్లయ్యకు భయమేసినా చెయ్యి ఆపలేదు. ఇప్పుడు ఆపితే దారి మూసుకుపోతుందని ఆయన చేతులకే తెలుసు.

"గట్ల గాదు నాయినా" అన్నాడు ప్రవీణ్. తుప్పు పట్టిన గొళ్లెం తీసినట్టుంది గొంతు. "నాలుగోది ఇంక ఆలస్యంగ పడాలె."

ఎల్లయ్య కళ్లు మసకబారాయి. కొడుకు చెప్పినట్టే నాలుగో దెబ్బను ఆలస్యం చేశాడు. ప్రవీణ్ తల ఊపాడు. ఆ దరువు మీదనే, ఆగి ఆగి, నాలుగు నెలలుగా లోపల కూరుకున్నదంతా బయటపెట్టాడు. పేలడానికి ముందు రెండు రోజుల సంది రియాక్టర్ లోపల కలియతిప్పే స్టిర్రర్ అచ్చం ఇలాగే కొట్టుకుందట. పైవాళ్లకు చెబితే, బ్యాచ్ అయిపోయాక చూద్దామన్నారట. ఆఖరి రోజు ఆ చప్పుడు దగ్గర నిలబడలేక, మంచినీళ్లకు పోతున్నానని చెప్పి బయటికొచ్చాడట.

"భయమైతాందని పవన్‌కు చెప్పలే నాయినా. నీళ్లకు పోతున్నని చెప్పిన. తనకు గూడ తెమ్మన్నడు."

ఎల్లయ్య సిర్ర పక్కన పెట్టి కొడుకు తలను గుండెకు అదుముకున్నాడు.

అప్పటికే ప్రహరీ పక్కన మహిత నిలబడి ఉంది. మొదటి షిఫ్టు దిగి కంపెనీ బస్సులో వచ్చి, డప్పు చప్పుడు విని ఇటు నడిచింది. భర్త గొంతు విన్న సంతోషం ఆమె మొహంలో లేదు. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"మామా, ఆ దరువు ఇంకోసారి కొట్టుండ్రి" అంది.

ఎల్లయ్య కొట్టాడు. మహిత గోడ పట్టుకుంది.

"మా ప్యాకింగ్ గోడ అవతల రెండో బ్లాకు. నాలుగు రోజుల సంది గోడల నుంచి గిదే చప్పుడు వస్తుంది. ఇయ్యాల ఇంక ఎక్కువైంది."

పైన బాల్కనీలో నిలబడి ఇదంతా విన్న త్రినాథరావు చెప్పులు కూడా వేసుకోకుండా దిగి వచ్చాడు. మళ్లీ కొట్టమని అడిగి, చెవి ఒగ్గి విన్నాడు. ఇరుసు బేరింగ్ అరిగిపోయి, లోపల ఇరుసు పక్కకు ఒరిగితే ఇదే వరుసలో కొట్టుకుంటుందని, తాను సర్వీసులో రెండుసార్లు విన్నానని చెప్పాడు. ఆ ఇరుసు విరిగితే లోపల వేడి పెరిగి పేలుతుందని, ఇంకెంతసేపు నిలుస్తుందో ఎవరూ చెప్పలేరని అన్నాడు.

మహిత షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కు ఫోన్ చేసింది. ప్యాకింగ్‌లో పనిచేసే మనిషికి రియాక్టర్ సంగతి ఎందుకని ఆయన పెట్టేశాడు. త్రినాథరావు ఫ్యాక్టరీల శాఖలో తనకు తెలిసిన అధికారికి చేశాడు. రేపు ఫిర్యాదు రాసిమ్మన్నారు. నలుగురూ ఆటో ఎక్కి ఫ్యాక్టరీ గేటుకు పోయారు. సెక్యూరిటీవాళ్లు లోపలికి రానివ్వలేదు. గేటు కమ్మీల్లోంచి రెండో బ్లాకు పొగగొట్టం, దాని వెనక నల్లటి మబ్బు కనిపిస్తున్నాయి. లోపల రెండో షిఫ్టువాళ్లు అరవై మంది దాకా ఉన్నారు.

ఎల్లయ్య డప్పు భుజానికి తగిలించుకున్నాడు. ఊళ్లో గడ్డివాములకు నిప్పంటుకున్నప్పుడు జనాన్ని లేపడానికి కొట్టే దరువొకటి ఉంది. ఆపద వస్తే తప్ప దాన్ని ముట్టుకోవద్దని తండ్రి చెప్పి నేర్పాడు. ఇప్పుడు ఆయన్ను ఎవరూ కొట్టమనలేదు. సెక్యూరిటీ మనిషి ఆపమని లాఠీ ఎత్తాడు. జీవితంలో మొదటిసారి ఎల్లయ్య ఒక హుకుంను కాదని డప్పు కొట్టాడు.

టీ కోసం బయటికొచ్చినవాళ్లు ముందు చేరారు. షెడ్లలోంచి ఇంకొందరు తొంగిచూశారు. ప్రవీణ్ గేటు కమ్మీ మీదికెక్కి, వచ్చీరాని హిందీలో, బయటికి రమ్మని పిలిచాడు. నాలుగు నెలలుగా మూగవాడనుకున్న మనిషి పిలుస్తుంటే వాళ్లు నిలబడి విన్నారు. రెండో బ్లాకులో పనిచేసే ఒడిశా ఆపరేటర్ ఒకడు గుంపులోంచి ముందుకొచ్చాడు. ఎల్లయ్య అతని కళ్లలోకి చూస్తూ కొడుకు దరువు వేశాడు. నాలుగో దెబ్బను ఆలస్యంగా దించాడు.

"యహీ ఆవాజ్ హై" అన్నాడు ఆపరేటర్ మెల్లగా. ఇదే ఆ చప్పుడట.

మరుక్షణం వెనక్కి పరుగెత్తాడు. ఆవిరి వాల్వు కట్టేసి, లోపలున్నవాళ్లను కేకేసి తీసుకొచ్చాడు. జనం గేటు దాటి గాలికి ఎదురుగా రోడ్డెక్కారు. ఇరవై నిమిషాలు ఏమీ జరగలేదు. కంపెనీ పెద్దమనిషి కారు దిగి, కేసులు పెట్టిస్తానని మహితను బెదిరించాడు. ఆయన మాట పూర్తికాకముందే లోపల ఇనుము విరిగిన చప్పుడైంది. రెండో బ్లాకు కిటికీల్లోంచి పసుప్పచ్చని పొగ ఉబికింది. ప్రహరీ పక్క వేపచెట్ల ఆకులు చూస్తుండగానే మాడి ముడుచుకున్నాయి. కొందరికి కళ్లు మండాయి. ఒక్క ప్రాణమూ పోలేదు.

కథ ఇక్కడితో సుఖాంతమైందని చెప్పడానికి లేదు. బ్లాకుకు సీలు వేశారు. విచారణ నడుస్తోంది. మహిత పని పోయింది. గేటు ముందు జనాన్ని పోగేసినందుకు ఎల్లయ్యను పోలీసులు రెండుసార్లు పిలిపించారు. చుట్టూ మిగతా ఫ్యాక్టరీలు ఎప్పటిలాగే నడుస్తున్నాయి. వాటి గోడల వెనక ఏ చప్పుడు మొదలైందో, దాన్ని విన్నవాడికి నోరు విప్పే ధైర్యం ఉందో లేదో ఎవరికి తెలుసు? ప్రవీణ్ మందులు వేసుకుంటున్నాడు. విచారణలో వాంగ్మూలం ఇచ్చాడు. పెద్ద శబ్దాలకు ఇప్పటికీ ఉలిక్కిపడతాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు పవన్ తల్లి ధనలక్ష్మి వాళ్లింటికి వచ్చింది. కొడుకును మూసిన పెట్టెలో ఇచ్చారని, పోలీసు కాపలా మధ్య గబగబా దహనం చేయించారని, ఒక డప్పు లేదు, ఒక పాట లేదు, ఏడవడానికి కూడా సందు దొరకలేదని చెప్పింది. తన కొడుకు కోసం ఒక్కసారి కొట్టమని అడిగింది. ప్రవీణ్ ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, ఆ రోజు నీళ్ల వంకతో బయటికొచ్చిన సంగతి దాచకుండా చెప్పాడు. ఆమె అతని తల మీద చెయ్యి వేసి, "నువ్వు గూడ పోతే ఈ ముచ్చట నాకెవరు చెప్తుండె బిడ్డా" అంది.

ఆదివారం పొద్దున త్రినాథరావు స్వయంగా తన వాకిట్లో ఎండుపుల్లలు పేర్చి మంట వేశాడు. తన భార్య కూడా వచ్చి కూర్చుంటుందని ఎల్లయ్యకు చెప్పాడు. ఆ రోజు చావు మేళం అన్నందుకు సిగ్గుపడుతున్నానన్నాడు. రెండో షిఫ్టు కార్మికులు, ఒడిశావాళ్లు, కాలనీ ఆడవాళ్లు వచ్చారు. ఎల్లయ్య పక్కన నిలబడి ప్రవీణ్ మొదటిసారి డప్పు పట్టాడు. చనిపోయిన ముగ్గురి పేర్లూ పిలిచి దరువు వేశారు. ధనలక్ష్మి శోకమెత్తుకుంది. పవన్ చిన్నప్పటి అల్లరి, ఇష్టమైన కూర, ఆఖరి రోజు కట్టిన టిఫిను డబ్బా, అన్నీ ఆ రాగంలోకి వచ్చాయి. ఒడిశావాళ్లలో ఒకడు తమ భాషలో గొంతు కలిపాడు. మాట అర్థం కాకపోయినా అందరూ ఏడ్చారు. ప్రవీణ్ కూడా కరువుతీరా ఏడ్చాడు.

దరువు ఆగాక ఎల్లయ్య నాలుగు మాటలు మాట్లాడాడు. సభలో నిలబడి మాట్లాడటం ఆయనకు అదే మొదలు.

"వెట్టికి కొట్టినన్ని దినాలు నా చేతులు నావి గావు. అందుకని నా కొడుకు డప్పు గుంజుకున్నడు. వాని తప్పు లేదు. గాని సిగ్గు డప్పుది గాదు, మమ్ములను అట్ల కొట్టించినోళ్లది. ఆ సంగతి తెల్వక మేము మా పాటను గూడ కట్టేసినం. ఒకటి చెప్తున్న, యాది పెట్టుకోండ్రి. తన పాటకు తానే సిగ్గుపడే మనిషి, ఆపదొచ్చిన్నాడు తన మాటకు గూడ భయపడ్తడు."